కణాలను ఫ్రీజ్ చేయడం, మళ్లీ బతికించుకోవడం: వారం ముందు నుంచి మర్నాటి లెక్క దాకా

"ఫ్రీజ్ చేసిన రోజు 95 శాతం కణాలు బతికే ఉన్నాయి. రెండు నెలల తర్వాత వయల్ (కణాలను దాచిన చిన్న మూత గొట్టం) తీసి కరిగించినప్పుడు కూడా బాగానే కనిపించాయి. మర్నాడు చూస్తే ఫ్లాస్క్ అడుగున పట్టుమని పది కణాలు కూడా అతుక్కుని లేవు. ఏమైపోయాయి?"

కణ చికిత్సల మీద పరిశోధన మొదలుపెట్టిన వాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. చాలామంది తప్పు ఫ్రీజర్‌దే అనుకుంటారు. నేను చూసినంతలో తప్పు ఎక్కువసార్లు రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, ఫ్రీజ్ చేయడానికి ముందు వారంలో కణాలు ఉన్న స్థితి. రెండోది, వయల్ కరిగాక మొదటి పది నిమిషాలు. అందుకే ఈ మార్గదర్శి వారం ముందు మొదలై, కరిగించిన మర్నాడు ముగుస్తుంది.

ఇక్కడ చెప్పేది పరిశోధన ల్యాబ్‌లో వాడే, ఫ్లాస్క్‌కు అతుక్కుని పెరిగే కణాల గురించి. ఎముక మజ్జ లేదా కొవ్వు నుంచి తీసిన మీసెంకైమల్ కణాలు (ఎముక, కొవ్వు లాంటివిగా మారగల కణాలు), ఫైబ్రోబ్లాస్టులు (చర్మం లాంటి కణజాలాన్ని పట్టి ఉంచే కణాలు), మామూలు సెల్ లైన్లు (ల్యాబ్‌లో ఎడతెగకుండా పెంచుతున్న ఒకే రకం కణాలు) ఈ కోవలోకి వస్తాయి. టీ కణాలకు (రోగనిరోధక రక్త కణాలు), ఐపీఎస్ కణాలకు (మామూలు కణాలను మార్చి చేసిన మూల కణాలు) ఉన్న తేడాలు పదో భాగంలో విడిగా రాశాను. మనిషికి ఎక్కించే కణాలను మాత్రం ఈ పద్ధతిలో తయారు చేయకూడదు. వాటికి వేరే గదులు, వేరే ముడిసరుకు, నియంత్రణ సంస్థల అనుమతి తప్పనిసరి.

1. అసలు ప్రమాదం ఏమిటో ముందు తెలుసుకోండి

కణంలో ఎక్కువ భాగం నీరే. మరీ వేగంగా చల్లబరిస్తే ఆ నీరు బయటికి రావడానికి సమయం దొరకదు. కణం లోపలే మంచు స్ఫటికాలు ఏర్పడి పొరలను చీల్చేస్తాయి. మరీ నెమ్మదిగా చల్లబరిస్తే బయటి నీరు ముందు గడ్డకడుతుంది, మిగిలిన ద్రవంలో ఉప్పు చిక్కబడుతుంది, కణం ఎండిపోయి ముడుచుకుపోతుంది.

ఈ రెండింటికీ మధ్య దారి నిమిషానికి సుమారు 1 డిగ్రీ చొప్పున చల్లబరచడం. ఫ్రీజ్ చేసేటప్పుడు కణాలను కాపాడే ద్రవం డీఎంఎస్ఓ. అది కణం లోపలికి వెళ్లి మంచు ఏర్పడే తీరును మారుస్తుంది, ఉప్పు దెబ్బను తగ్గిస్తుంది. కరిగించేటప్పుడు పద్ధతి తిరగబడుతుంది, అప్పుడు వేగమే రక్ష. ఫ్రీజ్ నెమ్మదిగా, కరిగించడం వేగంగా. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే మిగతా అడుగులకు కారణాలు వాటంతట అవే తెలుస్తాయి.

2. వారం ముందు: కణాలను సిద్ధం చేయడం

ఫ్రీజింగ్ కణాలను బాగుచేయదు. నీరసంగా ఉన్న కల్చర్‌ను (ఫ్లాస్క్‌లో పెంచుతున్న కణాలను) ఫ్రీజ్ చేస్తే అంతకంటే నీరసమైన కల్చర్ తిరిగి వస్తుంది. అందుకే తొందరపడవద్దు.

ఫ్లాస్క్ అడుగు 70 నుంచి 80 శాతం నిండినప్పుడు, కణాలు చురుగ్గా విభజన చెందుతున్నప్పుడు ఫ్రీజ్ చేయాలి. "శుక్రవారం ఫ్లాస్క్ నిండిపోయింది, సోమవారం చూద్దాం" అనుకున్న బ్యాచ్‌ను బ్యాంకుగా (ముందు ముందు వాడుకునే కణాల నిల్వగా) దాచకండి. పూర్తిగా నిండిన కణాలు పెరగడం ఆపేస్తాయి, ట్రిప్సిన్‌కు (కణాలను ఫ్లాస్క్ నుంచి విడదీసే ఎంజైమ్‌కు) సరిగా లేవవు, ముద్దలు కడతాయి. ముద్ద మధ్యలో ఉన్న కణాలకు డీఎంఎస్ఓ సమంగా అందదు.

పాసేజ్ సంఖ్య (కణాలను కొత్త ఫ్లాస్క్‌లోకి ఎన్నిసార్లు మార్చారో ఆ లెక్క) ఎంత తక్కువ ఉంటే అంత మంచిది. మీసెంకైమల్ కణాలకు ఇది మరీ ముఖ్యం. అవి కొన్ని పాసేజ్‌ల తర్వాత వెడల్పుగా, చదునుగా మారి ముసలివైపోతాయి. ఆ ఆకారం కనిపించాక ఫ్రీజ్ చేసి లాభం లేదు.

మైకోప్లాస్మా (కల్చర్‌లో దాక్కునే అతి చిన్న బ్యాక్టీరియా) పరీక్ష చేయకుండా ఒక్క వయల్ కూడా నైట్రోజన్ ట్యాంకులో పెట్టకండి. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. మైకోప్లాస్మాకు కణ గోడ ఉండదు కాబట్టి పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయలేదు. మామూలు బ్యాక్టీరియాలా మీడియాను (కణాలు పెరిగే పోషక ద్రవాన్ని) మబ్బుగా మార్చదు. సాధారణ మైక్రోస్కోప్‌లో కనిపించదు. లోపల ఉంటూనే కణాల పెరుగుదలనూ జన్యువుల పనితీరునూ మార్చేస్తుంది. పీసీఆర్ పరీక్ష (దాని డీఎన్ఏను వెతికేది) గానీ, డీఎన్ఏకు రంగు వేసే పరీక్ష గానీ చేయించండి.

వారం ముందు సరిచూసుకోవాల్సినవి:

- కనీసం రెండు పాసేజ్‌లు యాంటీబయాటిక్ లేకుండా పెంచారా? దాక్కున్న ఇన్ఫెక్షన్ ఉంటే అప్పుడు బయటపడుతుంది.
- మైకోప్లాస్మా ఫలితం చేతికి వచ్చిందా? నమూనా పంపితే సరిపోదు.
- సెల్ లైన్ అయితే ఎస్‌టీఆర్ ప్రొఫైలింగ్‌తో (డీఎన్ఏ వేలిముద్ర లాంటి పరీక్షతో) గుర్తింపు సరిచూశారా? ఒక లైన్ స్థానంలో వేరే లైన్ పెరుగుతున్న సందర్భాలు పరిశోధనలో చాలా ఉన్నాయి.
- ఫ్రీజ్ చేసే ముందు రోజు కొత్త మీడియా వేశారా?
- ఎన్ని వయల్స్ కావాలో, ట్యాంకులో ఎక్కడ పెట్టాలో ముందే నిర్ణయించారా?

3. సామగ్రి, ఫ్రీజింగ్ మీడియా

హుడ్ (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే పని బల్ల) ముందు కూర్చున్నాక ఏదీ వెతుక్కోకూడదు. ముందే చేతికి అందేలా పెట్టుకోవాల్సినవి:

- కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్ (కణాలను కడిగే ఉప్పు ద్రావణం)
- ట్రిప్సిన్-ఈడీటీఏ
- సీరం (రక్తం నుంచి తీసిన పోషక ద్రవం) కలిపిన కల్చర్ మీడియా
- కణ కల్చర్‌కు పనికొచ్చే శుద్ధమైన డీఎంఎస్ఓ
- లేబుల్ వేసిన క్రయోవయల్స్
- ట్రిపాన్ బ్లూ రంగు, హీమోసైటోమీటర్ (కణాలు లెక్కపెట్టడానికి గదులు గీసిన గాజు పలక)
- ఫ్రీజింగ్ కంటైనర్ (వయల్స్‌ను నెమ్మదిగా చల్లబరిచే డబ్బా), గది ఉష్ణోగ్రతలో ఉన్నది

చాలా కణాలకు 90 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్ఓ సరిపోతుంది. సీరం పొదుపు చేయాలంటే 70 శాతం మీడియా, 20 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్ఓ వాడవచ్చు. 12 మిల్లీలీటర్లు కావాలంటే 10.8 మిల్లీలీటర్ల సీరంలో 1.2 మిల్లీలీటర్ల డీఎంఎస్ఓ చుక్కలుగా వేస్తూ కలపండి.

కలిపేటప్పుడు వేడి పుడుతుంది. అందుకే కణాల మీద డీఎంఎస్ఓను నేరుగా ఎప్పుడూ పోయకూడదు. ముందు కలిపి, 4 డిగ్రీలకు చల్లబరిచి, తర్వాతే కణాలకు వాడాలి.

శుద్ధమైన డీఎంఎస్ఓ సుమారు 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. ఏసీ గదిలో సీసా గట్టిపడి కనిపిస్తే అది పాడైందని పారేయకండి, కాస్త వెచ్చబరిస్తే చాలు. దాన్ని సెల్యులోజ్ అసిటేట్ ఫిల్టర్‌తో వడకట్టకూడదు, ఆ పొర కరిగిపోతుంది. డీఎంఎస్ఓ చర్మంలోంచి లోపలికి వెళ్తుంది, తనతో పాటు ఇతర రసాయనాలనూ తీసుకెళ్తుంది. గ్లవ్స్ మీద పడితే వెంటనే మార్చేయండి.

4. కణాలను లేపడం, లెక్కపెట్టడం

ఫ్లాస్క్‌ను పీబీఎస్‌తో కడగండి. సీరం మిగిలితే ట్రిప్సిన్ పనిచేయదు. ట్రిప్సిన్ వేసి 37 డిగ్రీల దగ్గర ఉంచి, రెండో నిమిషం నుంచి మైక్రోస్కోప్‌లో చూస్తూ ఉండండి. కణాలు గుండ్రంగా మారి, ఫ్లాస్క్‌ను పక్కనుంచి మెల్లగా తడితే కదిలాయంటే అయిపోయినట్టే. గడియారాన్ని నమ్మి పది నిమిషాలు వదిలేస్తే పొర మీది ప్రోటీన్లు కూడా కత్తిరించుకుపోతాయి. ఆ దెబ్బ ఇప్పుడు కనిపించదు, కరిగించిన రోజు కనిపిస్తుంది.

సీరం ఉన్న మీడియా వేసి ట్రిప్సిన్‌ను ఆపండి. కణాలను ఒకే ట్యూబులోకి తీసి, మొత్తం ఎన్ని మిల్లీలీటర్లో రాసుకోండి. బాగా కలిపి కొద్దిగా నమూనా తీయండి.

లెక్క ఇలా చేయాలి. నమూనాకు సమానంగా 0.4 శాతం ట్రిపాన్ బ్లూ కలపండి. చచ్చిన కణాలు నీలంగా, బతికినవి తెల్లగా కనిపిస్తాయి. మూడు నుంచి ఐదు నిమిషాల్లోపు లెక్క ముగించండి, ఆలస్యమైతే బతికినవి కూడా రంగు పట్టడం మొదలవుతుంది.

ఉదాహరణకు, నాలుగు మూల గదుల్లో బతికినవి 52, 47, 55, 46 వచ్చాయనుకుందాం. మొత్తం 200, సగటు 50. రంగు కలపడం వల్ల రెండు రెట్లు పలచబడింది కాబట్టి 50 × 2 × 10,000 = మిల్లీలీటర్‌కు 10 లక్షల కణాలు. ట్యూబులో 12 మిల్లీలీటర్లు ఉంటే మొత్తం 1.2 కోట్లు. అవే నాలుగు గదుల్లో చచ్చినవి 10 ఉంటే, 200ను 210తో భాగిస్తే సుమారు 95 శాతం బతికి ఉన్నట్టు.

90 శాతం కంటే తక్కువ వస్తే ఆగండి. ఆ కణాలను మళ్లీ ఫ్లాస్క్‌లో వేసి, కోలుకున్నాక చేయండి. ఇంత శ్రమపడ్డాక ఆపడానికి మనసొప్పదు, తెలుసు. కానీ చెడ్డ బ్యాంకు వల్ల నెలల తరబడి చేసిన ప్రయోగాలు వృథా అవుతాయి.

5. వయల్స్ నింపడం

కణాలను సెంట్రిఫ్యూజ్‌లో 300 జీ (గురుత్వాకర్షణకు 300 రెట్ల బలం) దగ్గర 5 నిమిషాలు స్పిన్ చేయండి. పై ద్రవం తీసేసి, అడుగు ముద్దను వేలితో తట్టి వదులు చేయండి. చల్లటి ఫ్రీజింగ్ మీడియాను నెమ్మదిగా వేస్తూ కలపండి. పై ఉదాహరణలో 12 మిల్లీలీటర్లు వేసి, వయల్‌కు ఒక మిల్లీలీటర్ చొప్పున నింపితే ఒక్కో వయల్‌కు 10 లక్షల కణాలు వస్తాయి. గోడలకు, పిపెట్‌కు అంటుకునేది పోగా 11 వయల్స్ వస్తే చాలు. మామూలుగా మిల్లీలీటర్‌కు 10 నుంచి 50 లక్షల మధ్య ఉంచుతారు.

నింపేటప్పుడు రెండు మూడు వయల్స్‌కు ఒకసారి ట్యూబును తిప్పి కలపండి. కణాలు అడుగుకు దిగిపోతాయి. కలపకపోతే మొదటి వయల్‌కు, చివరి వయల్‌కు పొంతన ఉండదు.

డీఎంఎస్ఓ తగిలిన దగ్గర్నుంచి ఫ్రీజర్ దాకా పది నిమిషాలు మించకుండా చూసుకోండి. గది ఉష్ణోగ్రతలో ఎక్కువసేపు ఉంటే డీఎంఎస్ఓ కణాలకు విషమే.

లేబుల్ మీద ఉండాల్సినవి: కణం పేరు, పాసేజ్ సంఖ్య, కణాల సంఖ్య, తేదీ, చేసినవారి సంక్షిప్త పేరు, బ్యాచ్ సంఖ్య. అతి చలిని తట్టుకునే ప్రింటెడ్ లేబుల్ వాడండి. నేను మొదట్లో మామూలు మార్కర్‌తో రాసిన వయల్స్‌ను ఆల్కహాల్‌తో తుడిస్తే రాత మొత్తం పోయింది. ఏ వయల్ ఏదో తెలియక ఎనిమిదింటినీ పారేయాల్సి వచ్చింది. అందులో మూడు నెలల పని ఉంది.

6. చల్లబరచడం

ఐసోప్రొపనాల్ (ఒక రకం ఆల్కహాల్) నింపిన ఫ్రీజింగ్ కంటైనర్‌ను మైనస్ 80 ఫ్రీజర్‌లో పెడితే అది నిమిషానికి సుమారు 1 డిగ్రీ చొప్పున చల్లబరుస్తుంది. ఆల్కహాల్ అవసరం లేని కంటైనర్లు కూడా ఉన్నాయి. ప్రోగ్రామ్ చేసే ఫ్రీజర్ ఉంటే ఇంకా మంచిది. థర్మకోల్ పెట్టె, టిష్యూ కాగితాలు చుట్టడం లాంటివి ఒక్కోసారి పనిచేస్తాయి, ఒక్కోసారి చేయవు. మళ్లీ దొరకని కణాలకు వాటిని నమ్ముకోవద్దు.

- కంటైనర్ మొదట గది ఉష్ణోగ్రతలో ఉండాలి. నిన్నటి బ్యాచ్‌కు వాడి అప్పుడే తీసింది పనికిరాదు.
- ఐసోప్రొపనాల్ గీత దాకా ఉండాలి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఐదుసార్లు వాడాక మార్చండి.
- కంటైనర్‌ను ఫ్రీజర్ లోపలి వైపు, చుట్టూ గాలి ఆడేలా పెట్టండి. తలుపు దగ్గర వద్దు.
- రాత్రంతా కదపకుండా ఉంచండి.

7. నైట్రోజన్ ట్యాంకులోకి

మర్నాడే మార్చేయండి. "మైనస్ 80లో ఉన్నాయి కదా, వచ్చే వారం చూద్దాం" అన్న మాటే చాలా బ్యాంకులను చంపింది. సుమారు మైనస్ 135 డిగ్రీల కింద మాత్రమే కణంలో మార్పులు నిజంగా ఆగిపోతాయి. మైనస్ 80 దగ్గర చిన్న మంచు స్ఫటికాలు నెమ్మదిగా పెద్దవి అవుతూనే ఉంటాయి.

ఫ్రీజర్ నుంచి ట్యాంకు దాకా డ్రై ఐస్ మీద తీసుకెళ్లండి. ఒక్క నిమిషం బయట ఉన్నా చిన్న వయల్ చాలా వేడెక్కుతుంది. ఇతర వయల్స్ వెతకడానికి రాక్ (వయల్ పెట్టెలు ఉంచే చట్రం) మొత్తం పైకి లాగి పట్టుకుంటే, మీ వయల్ ఒక్కటే కాదు, ఆ రాక్‌లో ఉన్న అందరి కణాలూ దెబ్బతింటాయి. స్థానం ముందే రాసి ఉండాలని చెప్పింది ఇందుకే.

వీలైతే ద్రవంలో కాకుండా ఆవిరి దశలో పెట్టండి. ద్రవంలో మునిగిన వయల్‌లోకి నైట్రోజన్ చొరబడితే, బయటికి తీసినప్పుడు అది ఒక్కసారిగా వ్యాకోచించి వయల్ పేలుతుంది. ద్రవ నైట్రోజన్ వాయువుగా మారితే సుమారు 700 రెట్లు పెరుగుతుంది. చిన్న గదిలో ఆక్సిజన్ తగ్గిపోవడం మనకు తెలియకుండానే జరుగుతుంది. ముఖానికి షీల్డ్, చలిని తట్టుకునే గ్లవ్స్, ఆక్సిజన్ అలారం, ఇంకో మనిషి తోడు లేకుండా ఈ పని చేయవద్దు.

8. కరిగించడం

వయల్ తీయకముందే ఫ్లాస్క్‌కు లేబుల్ వేసి, మీడియాను 37 డిగ్రీలకు వెచ్చబరిచి, ట్యూబు సిద్ధంగా పెట్టుకోండి.

1. వయల్‌ను 37 డిగ్రీల వాటర్ బాత్‌లో, మూత నీటికి తగలకుండా, మెల్లగా తిప్పుతూ పట్టుకోండి. ఒకటి రెండు నిమిషాలు చాలు.
2. చిన్న మంచు ముక్క మిగిలి ఉండగానే బయటికి తీయండి. పూర్తిగా కరిగేదాకా ఉంచితే వెచ్చటి డీఎంఎస్ఓలో కణాలు నానుతాయి.
3. 70 శాతం ఆల్కహాల్‌తో తుడిచి హుడ్‌లో తెరవండి.
4. కణాలను 15 మిల్లీలీటర్ల ట్యూబులోకి తీసి, మొదటి మిల్లీలీటర్ మీడియాను ఒక నిమిషం పాటు చుక్కచుక్కగా వేయండి. తర్వాత 10 మిల్లీలీటర్ల దాకా నింపండి.
5. 200 నుంచి 300 జీ దగ్గర 5 నిమిషాలు స్పిన్ చేసి, కొత్త మీడియాలో కలిపి, లెక్కపెట్టి ఫ్లాస్క్‌లో వేయండి.

నాలుగో అడుగే చాలామంది తప్పేది. కణం లోపల ఇంకా డీఎంఎస్ఓ నిండి ఉంటుంది. ఒక్కసారిగా మీడియా పోస్తే, డీఎంఎస్ఓ బయటికి వచ్చేలోపే నీరు లోపలికి దూసుకొచ్చి కణం ఉబ్బి పగులుతుంది. ఆ ఒక్క నిమిషం ఓపిక పట్టండి. పిపెట్‌తో గట్టిగా పైకీ కిందికీ లాగవద్దు.

స్పిన్‌ను తట్టుకోలేని సున్నితమైన కణాలైతే, బాగా పలచబరిచి నేరుగా ఫ్లాస్క్‌లో వేసి, మర్నాడు మీడియా మార్చవచ్చు. మొదటి రోజు మామూలు కంటే దట్టంగా వేయండి. 75 చదరపు సెంటీమీటర్ల ఫ్లాస్క్‌కు ఒక పూర్తి వయల్ వేస్తే సరిపోతుంది.

9. 24 గంటల లెక్క

మొదట్లో చెప్పిన ప్రశ్నకు జవాబు ఇక్కడ ఉంది. ట్రిపాన్ బ్లూ పొర చిరిగిందా లేదా అన్నది మాత్రమే చూపిస్తుంది. లోపల దెబ్బతిని, కొన్ని గంటల్లో తనంతట తాను చచ్చిపోబోయే కణం కూడా ఆ క్షణంలో తెల్లగానే కనిపిస్తుంది. అందుకే కరిగించిన వెంటనే వచ్చే శాతాన్ని చూసి బ్యాంకు బాగుందని తీర్పు చెప్పకూడదు.

మూడు లెక్కలు రాయండి. ఉదాహరణకు వయల్‌లో 10 లక్షలు పెట్టారు. కరిగించగానే 8 లక్షలు బతికి, 1 లక్ష చచ్చి కనిపించాయి. బతికిన శాతం 89. పెట్టిన వాటిలో తిరిగి వచ్చినవి 80 శాతం. 24 గంటల తర్వాత అతుక్కున్న వాటిని లేపి లెక్కపెడితే 4.5 లక్షలే వచ్చాయి, అంటే 45 శాతం. మొదటి అంకె ఒక్కటే చూసినవాళ్లు సంతోషిస్తారు. మూడోది చూసినవాళ్లకు అసలు సంగతి తెలుస్తుంది.

ప్రతి బ్యాచ్ నుంచి ఒక వయల్‌ను ఇందుకోసమే కేటాయించండి. ట్యాంకులో పెట్టిన వారం పది రోజుల్లో కరిగించి చూడండి. అప్పటికి అసలు కల్చర్ ఇంకా చేతిలో ఉంటుంది, బ్యాంకు చెడితే మళ్లీ చేసుకోవచ్చు.

మీసెంకైమల్ కణాలైతే కోలుకున్నాక గుర్తింపు కూడా చూడండి. 2006 నాటి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సీడీ105, సీడీ73, సీడీ90 అనే గుర్తు ప్రోటీన్లు కనీసం 95 శాతం కణాల మీద ఉండాలి. సీడీ45, సీడీ34 లాంటివి ఉన్న కణాలు 2 శాతం మించకూడదు. అప్పుడే కరిగించిన మీసెంకైమల్ కణాలకు రోగనిరోధక స్పందనను అణచే శక్తి తగ్గినట్టు కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. అలాంటి ప్రయోగాలకు ఒకటి రెండు రోజులు కల్చర్‌లో కోలుకున్న కణాలను, అప్పుడే కరిగించిన వాటిని పక్కపక్కన పెట్టి పోల్చండి.

10. టీ కణాలు, ఐపీఎస్ కణాలు

రక్త కణాలు కరిగాక ముద్ద కడితే కారణం ఎక్కువగా చచ్చిన కణాల నుంచి కారిన డీఎన్ఏ. మీడియాలో డీఎన్ఏజ్ (డీఎన్ఏను కత్తిరించే ఎంజైమ్) కలిపితే విడిపోతాయి. టీ కణాల పనితీరు పరీక్షకు ముందు ఒక రాత్రి విశ్రాంతి ఇవ్వండి.

ఐపీఎస్ కణాలు ఒంటరిగా బతకడం కష్టం. చిన్న గుంపులుగా ఫ్రీజ్ చేయండి. కరిగించాక మొదటి 24 గంటలు రాక్ ఇన్హిబిటర్ (ఒంటరి కణాలు చావకుండా ఆపే రసాయనం) వై-27632ను 10 మైక్రోమోలార్ మోతాదులో కలపండి.

11. ఏది చెడితే ఎక్కడ వెతకాలి

- కరిగించగానే చాలా కణాలు నీలంగా ఉన్నాయి: చల్లబరిచిన వేగం తప్పింది, లేదా దారిలో వయల్ వేడెక్కింది. ఐసోప్రొపనాల్ మార్చి, కొత్తగా ఫ్రీజ్ చేసిన వయల్‌తో మళ్లీ చూడండి.
- వెంటనే బాగున్నాయి, మర్నాడు లేవు: ఎక్కువసేపు ట్రిప్సిన్, ఫ్లాస్క్ మరీ నిండటం, మీడియా ఒక్కసారిగా పోయడం. ఈ వరుసలోనే వెతకండి.
- బతికిన శాతం బాగుంది, సంఖ్య మాత్రం తక్కువ: స్పిన్‌లో పోగొట్టుకున్నారు, లేదా నింపేటప్పుడు కలపలేదు.
- ఒకే బ్యాచ్‌లో వయల్‌కు వయల్‌కు తేడా: నింపడంలోనే లోపం.
- అతుక్కున్నాయి కానీ పెరగడం లేదు: ముందు మైకోప్లాస్మా, తర్వాత పాసేజ్ సంఖ్య చూడండి.
- రెండు రోజుల్లో మీడియా పసుపు పచ్చగా, మబ్బుగా మారింది: బ్యాక్టీరియా. వాటర్ బాత్ నీరు ఎప్పుడు మార్చారో చూడండి. వెంటనే ఇంకో వయల్ తెరవకండి, ముందు బాత్ కడిగి, కొత్త మీడియా సీసా తీసుకోండి.

ఒకేసారి రెండు మూడు మార్పులు చేయవద్దు. ఒకటి మార్చి, ఒక వయల్ కరిగించి, మూడు లెక్కలూ రాసి, తర్వాత రెండోది. పరీక్ష వయల్ ఫలితం వచ్చేదాకా ఆ బ్యాచ్ పెట్టె మీద "ఇంకా సరిచూడలేదు" అని కాగితం అంటించి ఉంచండి. 24 గంటల అంకె రిజిస్టర్‌లో పడ్డాకే దాన్ని తీయండి.